కాంగ్ లా మీద ముందు నడక

అసోజ్ నెల 19. జుఫాల్.

విమానంలోంచి ఇద్దరు దిగారు. మొగుడూ పెళ్ళాం. ఆయన పేరు యోస్ట్, ఆవిడ మారెట్. వాళ్ళ దేశంలో కొండ అన్నదే లేదట. నేల చాప పరిచినట్టు ఉంటుందట. ఈ సంగతి అల్లుడు ఛోక్యాప్ నవ్వుతూ చెప్పాడు. వాడు ఏది చెప్పినా నవ్వుతూనే చెబుతాడు. చావు కబురు మోసుకొచ్చినా ముందు పళ్ళే కనిపిస్తాయి.

చాపదేశంవాళ్ళకు మా కొండతో ఏం పనో నేను అడగలేదు. అడగడం నాకు రాదు.

ఆయన చేతికి ఒక గడియారం ఉంది. అది నడిచిన అడుగులు చెబుతుందట. విమానం దగ్గర్నుంచి మా కంచరగాడిదల దాకా నూట ఎనభై అని చదివి వినిపించాడు. వంటవాడు ధన్‌రూప్ చప్పట్లు కొట్టాడు. నూట ఎనభై అడుగులు నడిచినందుకు ఒక మగాడికి చప్పట్లు.

కొత్త నోటుపుస్తకం అమ్మాయి యాంగ్జోమ్ పంపింది. కాగితాల మీద గీతలు లేవు. ఇప్పుడు గీతలు లేని పుస్తకాలు అమ్ముతున్నారు. మా బడిలో మాస్టారు అక్షరం గీత మీంచి జారితే వేళ్ళ మీద కొట్టేవాడు. ఇప్పటివాళ్ళకు గీతే అక్కర్లేదు కాబోలు.

అసోజ్ 20. దునై.

ధన్‌రూప్ నా భుజం మీంచి వంగి చూశాడు.

"ఏం పెద్దాయనా, చక్కగా గీతలుంటే వాటిని వదిలేసి ఎద్దు ఉచ్చ పోసినట్టు రాస్తున్నావేంటి?"

నేను పుస్తకం మూశాను. వంటవాడికి గీతలు కనిపిస్తాయి. బియ్యంలో రాళ్ళు మాత్రం కనిపించవు.

ఆరు కంచరగాడిదలు. సెర్మో ముందు. గంట దాని మెడలోనే. తొమ్మిదేళ్ళుగా నా వెనకే నడుస్తోంది. నేను కాలు ఎక్కడ తీస్తే అక్కడ కాలు పెడుతుంది. ఊళ్ళో పెద్దలకు ఆ మాత్రం బుద్ధి లేదు.

పెద్దలు కోతలప్పుడు పిలిపించారు. "నమ్‌ఖా, నీకు అరవై తొమ్మిది. ఈ ఒక్క ప్రయాణం చూస్తాం. దారి తప్పినా, ఎవరికి దెబ్బ తగిలినా, కనుమ మీద ముందు నడక ఇంక నీ అల్లుడిది" అన్నారు. నేను ఊఁ అన్నాను. నలభై ఒక్క ఏళ్ళు ముందు నడిచాను. అంతకుముందు నాన్న. మంచు పడ్డాక కాంగ్ లా కనుమ మీద మొదటి అడుగు మా ఇంటిది. పోయిన బైశాఖ్‌లో నేను దారి తప్పలేదు. గుర్తు రాళ్ళు ఎవరో జరిపారు. ఆ మాట అప్పుడే చెప్పాను.

అసోజ్ 22. ఛెప్కా.

పొగమంచు.

అసోజ్ 23.

పొగమంచు. ఈ ఏడు విడవడమే లేదు.

ఇవాళ నది పక్కన మంత్రాలు చెక్కిన రాళ్ళ గోడలు నాలుగు, రెండు స్తూపాలు దాటాం. మేం పాత బోన్ మతం వాళ్ళం. గోడను ఎడమ చేతికి ఉంచుకుని కుడి పక్కనుంచి పోతాం. మా తాతలంతా అలాగే పోయారు. అల్లుడిది బౌద్ధుల ఇల్లు, సాల్దాంగ్ వైపు. వాళ్ళు గోడను కుడి చేతికి ఉంచుకుని అటునుంచి పోతారు. ఇల్లరికం వచ్చి పన్నెండేళ్ళయింది. మా ఇంట్లో తింటాడు, మా పొయ్యి దగ్గర పడుకుంటాడు, గోడ కనిపిస్తే మాత్రం అటు తిరుగుతాడు. పన్నెండేళ్ళలో ఒక్క గోడ కూడా ఇద్దరం ఒకే పక్కనుంచి దాటలేదు.

పైగా ప్రతిసారీ అదే కూత.

"మామా! ఇటు! ఇటు రా!"

చాపదేశంవాళ్ళు నవ్వుతారు. వాడు ఇంకా రెచ్చిపోతాడు.

"ఒక్కసారి ఇటు రావయ్యా మామా, పాపాలన్నీ కడుక్కుపోతాయి. అటు పోయి పోయి నీ మెడే అటు తిరిగిపోయింది!"

నేను పలకను. నా పక్కనుంచి పోతాను. సెర్మో నా వెనకే వస్తుంది. మిగతావి దాని వెనక. అవతలి కొస దగ్గర వాడు ఒక్కడే నిలబడి ఉంటాడు, చాపదేశంవాళ్ళతో. అది చూసి నాకు ఎంత హాయిగా ఉంటుందో వాడికి తెలియదు.

అసోజ్ 24. రింగ్మో. ఇల్లు.

యాంగ్జోమ్ గుమ్మంలోనే పట్టుకుంది.

"నాన్నా, మిద్దె మీంచి ఎంతసేపు చెయ్యి ఊపానో తెలుసా? తల కూడా ఎత్తలేదు నువ్వు."

"పొగమంచు."

"ఎక్కడ పొగమంచు? చెరువు చూడు, అద్దంలా ఉంది."

చెరువు వైపు చూశాను. చెరువు ఎటూ పోదు, రోజూ చూడక్కర్లేదు.

"దునైలో కళ్ళ శిబిరం పెడతారంట. మసక తీసేస్తారంట. మా అత్త తీయించుకుంది, ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తోంది."

సూదిలో దారం. నాకు సూది పని ఎందుకు?

నల్ల అద్దాలు తెచ్చి నా సంచిలో పెట్టింది. మంచు మీద ఎండకు పెట్టుకోవాలట. తీసి గూట్లో పెట్టాను. మళ్ళీ పెట్టింది. వాళ్ళమ్మలాగే తయారైంది. వాళ్ళమ్మ ఇన్ని మాటలు చెప్పేది కాదు, అదొక్కటే తేడా.

అసోజ్ 26. చెరువు గట్టు.

గట్టంటే గట్టు కాదు, కొండకు వేలాడేసిన చెక్కలు, రాళ్ళు. రెండు పాదాల వెడల్పు. కింద నీళ్ళు. చాపదేశపాయన కొండను కావలించుకుని పీతలా నడిచాడు. ఆవిడ నయం, పాట పాడుకుంటూ వచ్చింది. భయానికి పాడిందట.

నేను ఎప్పటిలాగే నడిచాను. ఈ దారి నా కాళ్ళకు తెలుసు. కళ్ళు అక్కర్లేదు. అల్లుడు సెర్మోను వెనక్కు పెట్టి నా వీపుకు అంటుకుని వచ్చాడు. వాడి ఊపిరి నా మెడ మీద. ఉల్లిపాయ వాసన. భయమేస్తే చెప్పొచ్చుగా.

అసోజ్ 28.

ఆవిడ ఫోన్‌లో బొమ్మలు తీస్తోంది. ఒకటి నా ముందు పెట్టి ఏదో అంది. ఎలా ఉందని అడుగుతోందని అల్లుడు చెప్పాడు. చూశాను. "బాగానే ఉన్నాను" అన్నాను. "కాస్త ముసలివాణ్ణయ్యాను."

ధన్‌రూప్ నేల మీద పడి దొర్లాడు. అది సెర్మో బొమ్మట.

మనిషికీ కంచరగాడిదకీ తేడా తెలియకుండా తీసే ఫోన్లు. వాటికి మళ్ళీ లక్షలు పోస్తారట.

అల్లుడు నవ్వలేదు. అందరికీ టీ పోశాడు. వాడికి ఒంట్లో బాగా లేదేమో.

అసోజ్ 30.

రెండు రోజులుగా మంచు. గుడారాలు కదల్లేదు. గాలి. చాపదేశపాయన వేలికి ఒక పట్టకారు లాంటిది తగిలించుకుని అంకె చదువుకుంటాడు, ఊపిరి ఎంత అందుతోందో అది చెబుతుందట. డెబ్బై ఎనిమిది అంటే దిగులు. ఎనభై ఒకటి అంటే సంతోషం. మనిషి బతికి ఉన్నాడో లేదో వేలిని అడిగి తెలుసుకుంటాడు.

రేపు తెరిపిస్తే ఎల్లుండి కనుమ.

కార్తిక్ 2. షే.

కాంగ్ లా దాటాం. సెర్మో పోయింది.

కార్తిక్ 3. షే.

కంచరగాడిద తెలివి తక్కువ జంతువు. గుర్రానికి ఉన్న బుద్ధి ఉండదు, గాడిదకు ఉన్న జాగ్రత్త ఉండదు. మంచు మీద కాలు పెట్టేముందు చూసుకోవాలి. అది చూసుకోలేదు. పైగా అల్లుడు అరిచాడు. అరుపుకు బెదిరింది. కనుమ మీద అరవకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

కార్తిక్ 4. షే.

నిన్న ఏం రాశానో చదువుదామని చూశాను. కనిపించలేదు. అందుకని మళ్ళీ రాస్తున్నాను.

తెల్లవారుతుండగా బయలుదేరాం. గాలి ఆగింది. కింద తెలుపు, పైన తెలుపు. కర్రతో పొడుస్తూ నేను ముందు. సెర్మో నా అడుగుల్లో. మిగతా ఐదూ దాని వెనక. ఆ వెనక చాపదేశంవాళ్ళు, ధన్‌రూప్. అల్లుడు పక్కన, మంచులో విడిగా దారి తొక్కుకుంటూ. అలా నడిస్తే రెట్టింపు కష్టం. ఎందుకని నేను అడగలేదు.

ఆయన పది అడుగులకోసారి ఆగాడు. ఆవిడ ఆయన్ను వెనకనుంచి తోసింది. నేను ఆగలేదు. నడక బాగుంది. నాకు అరవై తొమ్మిది అని పెద్దలకు ఎవరు చెప్పారో అనుకున్నాను.

మంత్రాల జెండాల చప్పుడు వినిపించింది. అంటే కనుమ తల మీది రాళ్ళ గుట్ట. ఇంకో పది అడుగులకు కర్ర రాయికి తగిలింది. ఎడమ చెయ్యి రాయి మీద వేశాను. వేసి ఎప్పటిలా కుడి పక్కకు తిరిగాను.

"మామా! ఇటు! ఇటు రా!"

అదే కూత. ప్రతి గోడ దగ్గరా పెట్టే కూత. కాంగ్ లా మీద కూడానా అనిపించింది. నాన్న జెండా కట్టిన గుట్ట అది. అక్కడ కూడా వీడికి వేళాకోళమేనా? మనసులో ఉమ్మేశాను. కావాలని రెండడుగులు గట్టిగా వేశాను.

వాడు అరుస్తూనే ఉన్నాడు. ఆ అరుపులో నవ్వు లేదు. అది నాకు తర్వాత తట్టింది.

ఆ పక్కన ఎప్పుడూ రాతి నేల ఉంటుంది. ఈసారి రెండు రోజుల గాలి అక్కడ మంచును చూరులా పేర్చింది. ఇంటి చూరులాగే, బయటికి సాగి. కింద ఏమీ లేదు. చూరు మొదట్లో నీలం గీత ఉంటుంది. మంచు విరిగే చోట ఆ గీత ఉంటుంది. చిన్నప్పుడు నాన్న నాకు మొదట నేర్పింది ఆ గీతే.

నాకు గీత కనిపించలేదు. ఏ గీతా కనిపించలేదు.

నడికట్టు వెనకనుంచి ఎవరో లాగారు. వెల్లకిలా పడ్డాను. కింద అల్లుడు, పైన నేను. సెర్మో నా అడుగుల్లో వస్తోంది కదా, మేం పడగానే పక్కకు ఒక అడుగు వేసింది. చూరు మొత్తం పోయింది. చప్పుడు పెద్దగా లేదు, బట్ట చింపినట్టు. గంట మోగుకుంటూ కిందికి పోయింది. చాలాసేపు పోయింది. తర్వాత లేదు.

దాని మీద ఉన్నది చాపదేశంవాళ్ళ మరుగుదొడ్డి గుడారం. తొమ్మిదేళ్ళు కాంగ్ లా దాటిన జంతువు, అది మోస్తూ పోయింది.

అది బెదరలేదు. నా వెనకే వచ్చింది.

అల్లుడు లేచి మంచు దులుపుకున్నాడు. అప్పుడు గమనించాను, వాడు గుట్టకు నా పక్కన ఉన్నాడు. నాకోసం అటునుంచి చుట్టి రావడానికి వ్యవధి లేక మా వైపు నుంచే పరుగెత్తాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి. వాళ్ళ దేవుళ్ళను అంత తేలిగ్గా వదిలేశాడు. ధర్మం లేని మనిషి.

ధన్‌రూప్ పరుగెత్తుకొచ్చాడు. "అరిచావు కదరా ఛోక్యాప్? ముందే చూశావా?"

"చూడ్డమేంటి, ఆ దేవుడికి కూడా కనిపించదు ఆ మంచు. మామతో ఎప్పుడూ ఆడే ఆటే కదా, ఊరికే అరిచాను."

పళ్ళు కనిపించేలా నవ్వాడు. చాపదేశంవాళ్ళకు కూడా వాళ్ళ భాషలో అదే చెప్పినట్టున్నాడు. ఆయన నా భుజం తట్టాడు. ఆవిడ ఏడ్చింది.

అబద్ధాలకోరు. ఎంత నున్నగా చెబుతాడో.

కార్తిక్ 5. షే.

మిగతావి మేత ముట్టడం లేదు.

పొద్దున అల్లుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా గిన్నెలో టీ పోశాడు. 

"ఎన్నాళ్ళనుంచి మామా?"

"ఏంటి?"

"ఏంటో నీకు తెలుసు."

నేను టీ తాగాను.

"సరే, ఎన్ని వేళ్ళు చూపిస్తున్నాను?"

"మూడు."

"చెయ్యి జేబులో ఉంది మామా."

లేచి పోదామనుకున్నాను. నడికట్టు పట్టుకుని కూర్చోబెట్టాడు. నా నడికట్టు వాడికి అలవాటైపోయింది.

"ఊరికి తెలియక్కర్లేదు. యాంగ్జోమ్‌కి అసలే తెలియక్కర్లేదు. సెర్మో సంగతి మంచు విరిగిందని చెబుదాం. ముందు నువ్వే నడువు. ఇంకా రెండు కనుమలేగా. నీ వెనక నేనుంటాను."

"నువ్వా?"

"పాడుతుంటాను. 'పిల్లా' అంటే ఎడమ. 'మరదలా' అంటే కుడి. 'ఓలమ్మో' అంటే ఆగు. ఎవడికీ తెలీదు."

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నాకు మాటలు ఇంకా రావు. చాలాసేపటికి ఒక్కటి వచ్చింది.

"బైశాఖ్‌లో రాళ్ళు ఎవరో జరిపారు."

"జరిపారు మామా. పెద్దల ముందు సాక్ష్యం చెప్పింది నేనే కదా."

"చూశావా జరపడం?"

వాడు మంచు గుప్పిట్లోకి తీసుకుని పిసికాడు.

"లేదు మామా. ఎవరూ జరపలేదు."

ఊళ్ళో కూడా అబద్ధాలే. ఆరు నెలలుగా నా పొయ్యి ముందు కూర్చుని, నా సంపా పిండి తింటూ, తెలిసి, నోరు మూసుకున్నాడు. ఇలాంటివాణ్ణి ఏమనాలి? మా మాస్టారు నేర్పిన మాటల్లో లేదు.

కార్తిక్ 6.

ఏమీ లేదు.

కార్తిక్ 7.

పాడాడు.

కంచరగాడిద కూడా ఆ గొంతుకు సిగ్గుపడుతుంది. పొద్దున్నించి "పిల్లా పిల్లా", "ఓ మరదలా". మలుపులు ఎక్కువున్న చోట "మరదలా మరదలా మరదలా" అని ఊపిరి తీసుకోకుండా. చాపదేశంవాళ్ళకు తెగ నచ్చింది. ఆవిడ పదాలు పట్టేసి తనూ పాడింది. ఎడమకు తిరగాల్సిన చోట ఆవిడ "మరదలా" అంటే నేను కుడికి తిరిగాను, ముళ్ళపొదలో కాలు పడింది.

"ఒరే ఛోక్యాప్," ధన్‌రూప్ అరిచాడు, "నీ పెళ్ళానికి చెల్లెళ్ళే లేరు కదరా, ఎంతమంది మరదళ్ళు నీకు?"

"ఒక్కో కొండకి ఒక్కతి!"

మధ్యాహ్నం రాళ్ళు జారే వాలు వచ్చింది. దారి అడుగున్నర. ఎగుడు దిగుడు. చల్లగాలికి వాడికి దగ్గు వచ్చింది. పాట ఆగింది.

నేను ఒక అడుగు వేశాను. కాలి కింద రాయి జారింది. ఆగాను. వెనక గంట ఆగింది. సెర్మో తర్వాతిదానికి కొత్త గంట కట్టారు. ఒక అడుగు వేశాను. గంట ఒకసారి మోగింది. ఆగాను. అదీ ఆగింది.

వెనక ఐదు జంతువులు. వాటి వెనక ఆవిడ, ఆయన. నా కాలు ఎక్కడ పడితే వాళ్ళ కాలు అక్కడ. నేను ఆగితే ఆగుతున్నారు. ఎందుకు ఆగాడని కూడా అడగడం లేదు. అంత బుద్ధిలేని జనాన్ని నేను ఎక్కడా చూడలేదు.

వాడు ఇంకా దగ్గుతున్నాడు. నేను వెనక్కు తిరిగాను. నలుగురూ ఎక్కడున్నారో తెలియలేదు, గంట ఉన్న వైపు చూసి చెప్పాను.

"నాకు కనిపించదు."

 అల్లుడు దగ్గు ఆపుకుని చాపదేశంవాళ్ళకు ఏదో చెప్పాడు. పొడుగ్గా చెప్పాడు. తర్వాత నన్ను దాటి ముందుకొచ్చి, నా కర్ర కొస పట్టుకుని, ఆ వాలు దాటించాడు.

సాయంత్రం ఆవిడ నా గుడారానికి వచ్చింది. గొట్టంలోంచి మందు పిండి, నా మోకాళ్ళు చూపించి, రాసుకోమని సైగ చేసింది.

నా మోకాళ్ళకు ఏమొచ్చింది? అప్పుడర్థమైంది. పెద్దాయనకు మోకాళ్ళ నొప్పులు, నడవలేకపోతున్నాడు అని చెప్పాడన్నమాట. నేను జన్మలో ఒక్కసారి నలుగురి ముందు నోరు తెరిచి ఒక నిజం చెబితే, దాన్ని కూడా నాకు దక్కనివ్వలేదు.

మందు చాలా చల్లగా ఉంది. కర్పూరం వాసన. రాత్రంతా మోకాళ్ళు వణికాయి.

కార్తిక్ 8.

టీ దగ్గర అందరూ ఉన్నారు. నేను లేచి ఆవిడ ముందు నిలబడ్డాను. మోకాళ్ళు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాను. తర్వాత నా రెండు కళ్ళూ చూపించాను. మళ్ళీ చెయ్యి అడ్డంగా ఊపాను. ఆ వేలితోనే కాంగ్ లా వైపు చూపించాను. కాంగ్ లా అటే ఉందనుకుంటాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. అది నాకు తెలిసింది.

"మామా, ఏం చేస్తున్నావు? కూర్చో."

"సరిగ్గా చెప్పు వాళ్ళకి. మంచు విరగలేదు. నేను విరిచాను."

"ఎందుకు మామా ఇప్పుడు..."

"చెప్పు."

చెప్పాడు. ఈసారి పొట్టిగా చెప్పాడు. అందుకని నిజమేనని నమ్మాను.

ఆయన గట్టిగా అరిచాడు. గడియారం ఉన్న చెయ్యి ఊపుతూ, అల్లుడి మీద, నా మీద, ధన్‌రూప్ మీద కూడా. తన భార్య చచ్చిపోయి ఉండేది అన్నాడట. నిజమే. ఈ ప్రయాణం మొత్తంలో ఆయన చేసిన తెలివైన పని అదొక్కటే. ఇన్ని రోజులు అంకెలు చదివే మనిషనుకున్నాను, లోపల కాస్త మనిషి ఉన్నాడు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మెత్తటి చెయ్యి, ఎప్పుడూ రాయి ఎత్తని చెయ్యి. విదిలించుకోవాలని తట్టలేదు.

అందరూ లేచాక అల్లుడు మిగిలాడు.

"ఇంక దాచడానికి లేదు మామా. దునై చేరేలోపే ధన్‌రూప్ ఊరూరా పాడేస్తాడు."

"పెద్దలకు నేనే చెబుతాను."

"నువ్వా? నువ్వు పెద్దల ముందు నోరు తెరవడం నేను పుట్టి ఎరగను."

"నాలుగు మాటలే కదా."

"ఏంటా నాలుగు?"

వేళ్ళు మడిచి చెప్పాను. "ముందునడక. ఇంక. నీది."

"మూడే వచ్చాయి."

"నాలుగోది వాళ్ళకి చెబుతాను."

వాడు నవ్వలేదు. ముక్కు చీదుకున్నాడు. జలుబు.

కార్తిక్ 9. సాల్దాంగ్ కనుమ దాటి.

ముందు అల్లుడు. తర్వాత నేను. తర్వాత గంట.

నలభై ఒక్క ఏళ్ళలో నా ముందు ఒక మనిషి వీపు ఉండటం ఇదే మొదలు. ఎంత పనికిమాలిన నడకో వెనకనుంచి చూస్తే కానీ తెలియదు. కర్ర తప్పు చేత్తో పట్టుకుంటాడు. మంచును పొడిచి చూడాల్సిన చోట తట్టి వదిలేస్తాడు. రెండుసార్లు చెప్పాను. రెండుసార్లు మాట్లాడటమంటే నాకు ఒక ఏడాదికి సరిపడా మాటలు.

"పొడువు. తట్టకు."

"అలాగే మామా."

కనుమ తల మీద వాడు ఆగాడు. జెండాలు కొట్టుకుంటున్నాయి. గుట్ట ముందే ఉందని తెలిసింది. ఆగి వెనక్కు తిరిగాడు.

"మామా. ఎటు?"

కూత కాదు. మెల్లగా అడిగాడు. నాకోసం మా వైపు తిరగడానికి సిద్ధంగా ఉన్నాడు, వాళ్ళ తాతలంతా చూస్తుండగా. ముందు నడిచేవాడు అడగాల్సిన మాటేనా అది?

"మంచు ఎటు గట్టిగా ఉంటే అటు."

పొడిచి చూశాడు. అటూ పొడిచాడు, ఇటూ పొడిచాడు. చాలాసేపు పొడిచాడు. తర్వాత ఒక పక్కనుంచి పోయాడు. నేను వెనకే పోయాను. ఎడమ చెయ్యి చాచాను, కుడి చెయ్యి చాచాను, ఏ చేతికి రాయి తగిలిందో ఇక్కడ రాయను.

దిగుడు మొత్తం మెత్తటి మంచు. వాడి అడుగుల్లో కాలు పెట్టుకుంటూ దిగాను. ఆరడుగుల మనిషి, బారెడు కాళ్ళు. వాడి అడుగు నాకు అందదని పొద్దున్నించి అనుకుంటూనే ఉన్నాను. అందింది. ప్రతి అడుగూ అందింది. చేటలో కోడిపిల్లలా అంతంత చిన్న అడుగులు వేసుకుంటూ పోయాడు, కనుమ తల నుంచి నీళ్ళ దాకా. ముందు నడక అంటే అలా కాదు. ఊరికి వెళ్ళాక నేర్పాలి.